టీ బంకు దగ్గర చెప్పిన పదో స్టెప్పు

నెల్లూరు నుంచి విడవలూరు వచ్చే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ముందు సీటులోని తన చెల్లెలితో చెబుతోంది.

"ఆ యూనివర్సిటీ లైబ్రరీలో ఒకామె ఉండాదంట మే. కంప్యూటర్లో ఉండే పుస్తకాలన్నీ ఆమే చెరిపేసినాదంట. అరవై వేలు! ముందుగానే ఒక కాపీ ఇంట్లో దాచిపెట్టుకొని, అందరూ తలకాయలు పట్టుకొని కూర్చున్నాక, ఇదిగో నేను తెచ్చినా అని తెచ్చి ఇచ్చినాదంట."

"ఎందుకక్కా అట్టా?"

"ఎందుకేంది, పెద్ద సీటు కోసరం. మా మరిది ఆడ టీ తాగతాడులే, ఆయనే చెప్పినాడు. చూస్తే నోట్లో నాలుక లేనిదాని మాదిరి ఉంటాదంట. అట్టాంటోళ్ళతోనే భయం మే."

నేను కిటికీ వైపు తిరిగి రొయ్యల చెరువుల్లో నీళ్ళు చిలుకుతూ తిరుగుతున్న చక్రాలను చూస్తూ కూర్చున్నాను. ఆ కథ వినడం నాకు అది నాలుగోసారి. చెప్పినవాళ్ళలో ఎవరూ ఎలిశబెతు మేడంని చూసినవాళ్ళు కారు. నేను మూడేళ్ళుగా ఆ లైబ్రరీలో నేల తుడిచి, అరల్లో దుమ్ము దులిపి, సాయంత్రం టీ తెచ్చే పనిలో ఉన్నాను. నాకు తెలిసింది రాస్తాను.

ఎలిశబెతు మేడంది బిట్రగుంట. వాళ్ళ నాన్న రైల్వేలో ఫిట్టరు. రైల్వే కాలనీలోనే పెరిగి, డిగ్రీ చేసి, లైబ్రరీ సైన్సు చదివి, పంతొమ్మిదేళ్ళ కిందట ఈ యూనివర్సిటీలో చేరారు. ఇప్పుడు అసిస్టెంట్ లైబ్రేరియన్. భర్త సమాధానం గారు నడుము దెబ్బతిని నాలుగేళ్ళుగా మంచం మీదే ఉన్నారు. కూతురు ఫేబీ నర్సింగు చదువుతోంది. ఇల్లంతా ఆమె ఉద్యోగం మీదే నడుస్తుంది.

ఎవరైనా పిల్లవాడు వచ్చి "మేడం, ఉప్పు నేలల గురించి నీలం అట్ట పుస్తకం ఒకటుండాది, పేరు గుర్తులేదు" అంటే, ఆమె కంప్యూటర్ వైపు చూడకుండానే లేచి వెళ్ళి ఆ పుస్తకం తెచ్చేవారు. కానీ కంప్యూటర్ ముందు కూర్చుంటే మాత్రం వేరే మనిషైపోయేవారు. ఏదైనా మీట నొక్కబోయే ముందు చెయ్యి వెనక్కి తీసుకొని, వేలు చీర కొంగుకు తుడుచుకొని, అప్పుడు నొక్కేవారు. మొదట్లో అది శుభ్రత కోసం అనుకున్నాను. చూడగా చూడగా తెలిసింది, అది భయం.

ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూశాను.

మా లైబ్రరీలో మగవాళ్ళు మూడున్నరకు గేటు బయట పెంచల్ బంకుకు టీకి పోతారు. ఆడవాళ్ళు పోరు. పోకూడదని ఎక్కడా రాసిలేదు, ఎవరూ చెప్పలేదు, అయినా పోరు. వాళ్ళకు ఫ్లాస్కులో టీ లోపలికి వస్తుంది. ఆ ఫ్లాస్కు తెచ్చేది నేనే. అందువల్ల బంకు దగ్గరి మాటలూ, లోపలి మాటలూ రెండూ వినే మనిషిని నేనొక్కదాన్నే.

ఆఫీసు పనిలో సగం బంకు దగ్గరే తెలిసిపోయేది. కొత్త రూలు ఏం వచ్చింది, కంప్యూటర్ బిగుసుకుపోతే ఏది నొక్కాలి, సాఫ్ట్‌వేరు అమ్మిన కంపెనీ మనిషి ఫోన్ ఎత్తకపోతే ఇంకెవరికి చెయ్యాలి, ఇవన్నీ గ్లాసు చేత్తో పట్టుకొని నిలబడి చెప్పుకొనేవారు. మా లైబ్రేరియన్ నరేంద్రబాబు గారు అడిగేవారు, అశోక్ చెప్పేవాడు. అశోక్ సిస్టం అసిస్టెంటు. ఆరేళ్ళ కిందట కొత్తగా చేరినప్పుడు పుస్తకాలకు నంబర్లు ఎలా వేయాలో రెండు నెలలు పక్కన కూర్చోబెట్టుకొని నేర్పింది ఎలిశబెతు మేడమే. అప్పట్లో "మేడమే నా గురువు" అనేవాడట.

ఒకసారి అశోక్ ఏదో నొక్కబోయి ఇంకేదో నొక్కి, రెండు వందల మంది పిల్లల పేర్లు చెరిపేశాడు. బంకు దగ్గర వారం రోజులు అదే నవ్వు. "ఏం రా, ఈ పొద్దు ఎంతమందిని లేపేసినావ్?" అని పెంచల్ కూడా అనేవాడు. నరేంద్రబాబు గారు అశోక్ భుజం తట్టి, "పోనీలేరా, చెడగొట్టకుండా ఎవురు నేర్చుకున్నారు?" అన్నారు.

అదే నెలలో లైబ్రరీ అసిస్టెంటు రేవతక్క యాభై పుస్తకాలకు బార్‌కోడ్లు తారుమారుగా అంటించింది. నరేంద్రబాబు గారు హాలు మధ్యలో నిలబడి, పిల్లలు చదువుకుంటుండగానే, "ఇంటి ధ్యాస ఇంట్లో పెట్టి రండమ్మా" అన్నారు. రేవతక్క పుస్తకాల అరల మధ్యకు పోయి ఏడ్చింది. ఆ తర్వాత ఏది ముట్టుకోవాలన్నా ఒకరిని అడిగి ముట్టుకునేది. ఎలిశబెతు మేడం ఆ రోజంతా తలెత్తలేదు.

పోయిన సంవత్సరం ఫిబ్రవరిలో, హైదరాబాదులో ఐదు రోజుల ట్రైనింగ్ ఉందని కాగితం వచ్చింది. లైబ్రరీ సాఫ్ట్‌వేరును లోపలి నుంచి నడపడం, అది పాడైతే తిరిగి నిలబెట్టడం నేర్పుతారట. ఎలిశబెతు మేడం దరఖాస్తు పెట్టుకున్నారు. లిస్టులో ఆమె పేరు, అశోక్ పేరు రెండూ ఎక్కాయి. పదకొండో తారీఖు పొద్దున నరేంద్రబాబు గారు ఆమెను గదిలోకి పిలిచారు. నేను బీరువా తుడుస్తున్నాను.

"మీకెందుకు మేడం ఈ తిప్పలు? రైల్లో పొయ్యి, హాస్టల్లో ఉండి. ఆడ బాత్రూములు కూడా బాగుండవు. ఇంటికాడ సారుకు బాగలేదు గదా. అశోక్ పొయ్యొచ్చి అందరికీ చెప్తాడులే."

"ఆయన్ని మా చెల్లెలు చూసుకుంటానన్నది సార్."

"చెల్లెలు ఎన్నాళ్ళని చూస్తాది. మీరంటే గౌరవం ఉండబట్టే చెప్తా ఉండా."

ఆయన నవ్వుతూనే పెన్ను తీసి ఆమె పేరు మీద గీత గీశారు. ఆ మాటల్లో కోపం లేదు. నిజంగా మేలు చేస్తున్నాననే ఆయన అనుకున్నారు. మేడం "సరే సార్" అని బయటికి వచ్చారు.

ఆ రోజు మధ్యాహ్నం మగవాళ్ళు అన్నాలకు వెళ్ళగానే ఆమె నన్ను పిలిచారు.

"కామాక్షీ, సర్వర్ గది తలుపు దగ్గర స్టూలేసుకొని కూర్చో. ఎవరన్నా వస్తా ఉంటే దగ్గు."

సర్వర్ గది అంటే పెద్ద గదేమీ కాదు. ఒక ఏసీ, ఒక బల్ల, పుస్తకాల లెక్కంతా ఉండే పెద్ద కంప్యూటరు. గోడ మీద కాగితం అంటించి ఉంటుంది, ఇక్కడి సమాచారం బయటికి తీసుకుపోతే చర్య తీసుకుంటాం అని. మేడం ఆ కాగితాన్ని పైనుంచి కింది వరకు చదివి, వేలు కొంగుకు తుడుచుకొని, బ్యాగులోంచి వేలెడంత పెన్‌డ్రైవు తీసి కంప్యూటర్‌కు తగిలించారు. స్క్రీను మీద ఆకుపచ్చ గీత నిదానంగా పాకుతోంది. అంత చల్లటి గదిలో ఆమె మెడ మీద చెమట చూశాను. వరండాలో ఏదో కదిలితే గట్టిగా దగ్గాను. ఆమె అదిరిపడి పెన్‌డ్రైవు మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"ఎవురు?"

"పిల్లి, మేడం."

"పిల్లికి కూడా దగ్గుతారా అమ్మే!" అన్నారు. ఆమె ఆ గదిలో నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

పని అయిపోయాక ఎందుకిదని అడిగాను.

"పాప పాత ల్యాప్‌టాప్ ఉండాది ఇంట్లో. అందులో పెట్టుకొని నేర్చుకుంటా. ఈడ తప్పు చేస్తే అందరూ చూస్తారు. ఆడ చేస్తే నాకొక్కదానికే తెలస్తాది." పెన్‌డ్రైవు బ్యాగులో వేసుకుంటూ, "ఈ సంగతి ఎవురికీ చెప్పబాక. నా ఉద్యోగం పోతాది" అన్నారు.

నేను చెప్పలేదు. ఆ తర్వాత అప్పుడప్పుడు పొద్దున్నే నేను బల్ల తుడుస్తుంటే ఆమె మెల్లగా చెప్పేవారు. "నిన్న మొత్తం పాడుచేసినా కామాక్షీ. మళ్ళీ మొదట్నించీ ఎక్కించినా." కూర మాడిపోయిందని చెప్పినట్టు చెప్పేవారు. చెప్పడానికి ఆమెకు ఇంకెవరూ లేరు.

అశోక్ హైదరాబాదు నుంచి సంచీ, సర్టిఫికెట్టు తెచ్చుకొని వచ్చాడు. అక్కడ నేర్చుకున్నది బంకు దగ్గర రెండు రోజులు చెప్పాడు. లోపల ఆడవాళ్ళకు పది నిమిషాలు చెప్పాడు. "మీరు చేసే దాంట్లో ఏం మారలేదు మేడం" అన్నాడు.

ఎలిశబెతు మేడం చేసేది బ్యాకప్పు. అంటే రోజూ నాలుగున్నరకు పుస్తకాల లెక్కంతా ఇంకోచోట కాపీ పడేలా చేయడం. మిషను ఎప్పుడైనా పాడైతే ఆ కాపీయే దిక్కు. కంప్యూటర్ పక్కన నీలం లైటు వెలిగే ఒక డిస్కు ఉండేది, కాపీ అందులో పడేది. దానికి తొమ్మిది స్టెప్పులు. ఆ తొమ్మిదీ ఆమె తన నోటుబుక్కులో రాసుకున్నారు. చేసిన ప్రతిరోజూ తారీఖు వేసి టిక్కు పెట్టేవారు.

మార్చిలో ఒక సాయంత్రం నేను బంకు దగ్గర ఫ్లాస్కు నిండే దాకా నిలబడి ఉన్నాను. అశోక్ నరేంద్రబాబు గారితో అన్నాడు.

"సార్, ఆ డిస్కు నిండిపోయింది. పరీక్షల సెక్షనోళ్ళు అడగతా ఉంటే తుడిచి వాళ్ళకిచ్చేసినా. మనం కొత్తది కొన్నాం గదా. ఇంకమీద బటన్ నొక్కితే కాపీ సర్వర్ మిషన్లోనే పడతాది. రోజూ దాన్ని మళ్ళా కొత్త డిస్కులో ఏసుకోవాల."

"మేడంకు చెప్పినావా?"

"చెప్తాలే సార్."

"సమోసా ఏడిగా ఉండాది, ఎయ్యమంటారా?" అని పెంచల్ అడిగాడు. మాట క్రికెట్ మీదికి పోయింది. నేను ఫ్లాస్కు మూత బిగించుకొని లోపలికి వచ్చి మేడంకు టీ పోశాను.

ఆ మాట నాకు సగమే అర్థమైంది. బయట మగవాళ్ళు అనుకున్న మాట మోసుకొచ్చి లోపల చెబితే నా పని ఏమవుతుందోనన్న భయం మిగతా సగం. అశోక్ చెబుతానన్నాడు కదా అనుకున్నాను.

రెండు మూడు రోజులకు మేడమే అడిగారు. "అశోక్, ఆ నీలం లైటు డిస్కు కనపడటంలా?"

"మార్చినాం మేడం. మీరు నొక్కేది నొక్కండి, చాలు."

ఆమె ఇంకో మాట అడగబోయి ఆగిపోయారు. రెండోసారి అడిగితే, ఇన్నేళ్ళ సర్వీసుండి ఇది కూడా తెలీదా అంటారని. నోటుబుక్కులో ఆ రోజు తారీఖు కింద "డిస్కు మార్చారు" అని రాసుకున్నారు. స్టెప్పులు తొమ్మిదిగానే ఉండిపోయాయి.

నవంబరులో తుపాను వచ్చింది. మూడు రోజులు వాన, మూడు రోజులు కరెంటు లేదు. సముద్రం మీది గాలికి లైబ్రరీ కిటికీ అద్దాలు రెండు పగిలాయి. నాలుగో రోజు మేము తలుపులు తీస్తే సర్వర్ గదిలో ఏసీ కోసం కొట్టిన కంత గుండా నీళ్ళు కారి బల్లంతా తడిసి ఉంది. అశోక్ తుడిచి, ఆరబెట్టి, స్విచ్చి వేశాడు. కాలిన వాసన వచ్చింది. అంతే.

నెల్లూరు నుంచి వచ్చిన మెకానిక్కు మిషను విప్పి, "ఉప్పుగాలికి లోపలంతా ఎప్పుడో తుప్పు పట్టేసింది సార్, ఇప్పుడు నీళ్ళు పడినాయి" అన్నాడు. చెన్నై పంపిస్తే రెండు నెలలు పడుతుందని, అప్పటికైనా అందులోది బయటికి వస్తుందని తాను చెప్పలేనని అన్నాడు.

ఇంకో పన్నెండు రోజుల్లో యూనివర్సిటీని పరిశీలించే టీం వస్తోంది. లైబ్రరీలో ఎన్ని పుస్తకాలున్నాయి, ఏది ఎక్కడుంది, అంతా కంప్యూటర్లో చూపించాలి.

"బ్యాకప్పు ఉండాది గదా" అన్నారు నరేంద్రబాబు గారు. అందరూ ఎలిశబెతు మేడం వైపు తిరిగారు.

ఆమె నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పరిచారు. ఒక్క పనిరోజు కూడా టిక్కు తప్పలేదు. అశోక్ ఆ పేజీలు చూసి తన బల్ల డ్రాయరు తెరిచి, వెంటనే మూశాడు. తుడుపు గుడ్డ పట్టుకొని పక్కనే ఉన్నాను, చూశాను. కొత్త డిస్కు కవరు కూడా చింపకుండా అందులోనే ఉంది.

"మేడం, పదో స్టెప్పు చెయ్యలేదా మీరు?"

"పదోదా?"

"నొక్కినాక డిస్కులో ఏసుకోవాలని అనుకున్నాం గదా."

"ఎవురనుకున్నారు? ఎప్పుడు?"

"అందరం అనుకున్నాం, మేడం."

ఎనిమిది నెలలుగా ఆమె తీసిన కాపీలన్నీ ఆ మిషన్లోనే పడ్డాయి. మిషనుతో పాటు అవీ పోయాయి. నరేంద్రబాబు గారు కుర్చీలో వెనక్కి వాలి, "ఇంత పని చేసినారేంది మేడం" అన్నారు. మెల్లగానే అన్నారు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

మర్నాడు మెమో వచ్చింది. నిర్లక్ష్యం వల్ల యూనివర్సిటీకి నష్టం, మూడు రోజుల్లో జవాబు ఇవ్వాలి. సస్పెండు చేస్తారని మధ్యాహ్నానికల్లా అందరి నోటా అదే మాట. మేడం ఆ కాగితాన్ని నిలబడే చదివి, నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకున్నారు. బ్యాగు జిప్పు మూడుసార్లు లాగినా పడలేదు. నేను పోయి లాగిపెట్టాను.

ఆ సాయంత్రం పాత పత్రికల అరల మధ్య ఆమె ఒంటరిగా నిలబడి ఉంటే దగ్గరికి వెళ్ళాను. మార్చిలో బంకు దగ్గర నేను విన్నది చెప్పాను. ఆమె కొడతారేమో అన్నట్టు ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాను.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "నువ్వు చెప్పినావని తెలిస్తే రేపట్నించి నిన్ను రానీరు. ఈ మాట ఎవురడిగినా తెలీదని చెప్పు" అన్నారు.

"మరి మీరు మేడం?"

"నా కాడ కాపీ ఉండాది గదా కామాక్షీ. ల్యాప్‌టాప్‌లో." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె చుట్టూ చూశారు. "దాన్ని చూపిస్తే దొంగనంటారు. చూపించకపోతే చేతకానిదంటారు. ఏదైనా ఇంటికే పంపిస్తారు. ఫేబీకి ఇంకా సంవత్సరం చదువుండాది."

తర్వాతి రెండు రోజులు ఆమె సీటులోనే ఉన్నారు కానీ పుస్తకం అడిగిన పిల్లలకు మొదటిసారి తప్పు అర చూపించడం చూశాను. అన్నం క్యారియరు తెరిచి అలాగే మూసేవారు. కంపెనీ మనిషి ఫోన్లో చెబుతుంటే అశోక్ ఇంకో కంప్యూటరు తెచ్చి సాఫ్ట్‌వేరు ఎక్కించాడు. అది తెరుచుకునేది కానీ లోపల ఖాళీ. మొత్తం పుస్తకాలు అన్న చోట సున్నా చూపించేది. రేవతక్క వెళ్తూ వస్తూ ఆ సున్నా వైపు చూసి దండం పెట్టుకునేది.

మూడో రోజు పొద్దున మళ్ళీ వాన. ఎలిశబెతు మేడం వైరు బుట్ట పట్టుకొని బస్సు దిగారు. తన సీటు దగ్గరికి పోలేదు. నేరుగా నరేంద్రబాబు గారి గదిలోకి వెళ్ళి, బుట్టలోంచి క్యారియరు తీసి కింద పెట్టి, దాని కింద తువ్వాలు చుట్టి ఉన్న ల్యాప్‌టాప్‌ను ఆయన బల్ల మీద పెట్టారు.

"ఇందులో మన పుస్తకాల లెక్క ఉండాది సార్."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక అశోక్‌ను కేకేశారు. రేవతక్కతో కలిపి నలుగురూ సర్వర్ గదిలో చేరారు. నేను గుమ్మం దగ్గర నేల తుడుస్తూ ఉండిపోయాను. అశోక్ ఆ ల్యాప్‌టాప్‌ను తగిలించి గంటసేపు కుస్తీ పట్టాడు. రెండుసార్లు కంపెనీకి ఫోన్ చేశాడు, ఎవరూ ఎత్తలేదు. "ట్రైనింగులో ఇది పైపైన చెప్పినారు సార్" అన్నాడు.

"జరుగు నాయనా" అన్నారు మేడం.

ఆమె కూర్చున్నారు. స్క్రీను నల్లగా మారింది, దాని మీద తెల్లటి అక్షరాలు. ఆమె వేలు కొంగుకు తుడుచుకోలేదు. ఒక లైను కొట్టి, ఆగి, చదివి, ఇంకో లైను కొట్టారు. మధ్యలో ఏదో తప్పని చూపించింది. ఆమె మాత్రం "ఇది ఇట్టనే అంటాది" అని గొణుక్కుని ఇంకోటేదో కొట్టారు. నలభై నిమిషాలు అయ్యాక సున్నా పోయి అరవై ఒక్క వేల నాలుగు వందల ఎనిమిది అని వచ్చింది. రేవతక్క ముందుకు వంగి ఒక పుస్తకం పేరు కొట్టింది. వచ్చింది. ఇంకోటి కొట్టింది. అదీ వచ్చింది.

"ఎవురు నేర్పించినారు మేడం?" అన్నాడు అశోక్.

"ఎవురూ లేదు. ఇంట్లో ముప్పై సార్లు పాడుచేసుకున్నా."

ఎవరూ నవ్వలేదు. నరేంద్రబాబు గారు అప్పుడు నోరు తెరిచారు. "ఇంట్లోనా? అంటే మన డేటా మీ ఇంటికి పోయిందా మేడం?"

ఆమె కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. చెయ్యి కొంగు మీదికి పోయింది.

బస్సులో ఆవిడ చెప్పిన కథ ఆ మర్నాడు పెంచల్ బంకు దగ్గర పుట్టింది. పుడుతున్నప్పుడు నేను ఫ్లాస్కు పట్టుకొని అక్కడే ఉన్నాను. "ఆమె ఇంట్లోకి ముందుగానే కాపీ ఎట్టా పోయింది?" అని ఎవరో అన్నారు. "ఈడ పోవడానికీ ఆడ ఉండడానికీ భలే కుదిరింది" అని ఇంకొకరు. అశోక్ టీ తాగుతూ నిలబడ్డాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. గ్లాసు పెట్టేసి అందరికంటే ముందు లోపలికి వెళ్ళిపోయాడు.

టీం వచ్చిన రోజు కంప్యూటర్ ముందు అశోక్ కూర్చొని చూపించాడు. వాళ్ళు మెచ్చుకొని నరేంద్రబాబు గారితో చేతులు కలిపారు. ఎలిశబెతు మేడంని ఆ పూట పత్రికల గదిలో కూర్చోమన్నారు. తర్వాతి వారం రెండో మెమో వచ్చింది. ఈసారి నిర్లక్ష్యం కాదు, యూనివర్సిటీ సమాచారాన్ని అనుమతి లేకుండా బయటికి తీసుకుపోవడం. విచారణకు ముగ్గురు పెద్దవాళ్ళు వచ్చారు. పదో స్టెప్పు గురించి తనకెవరూ చెప్పలేదని మేడం రాసిచ్చారు. చెప్పామని అశోక్, నరేంద్రబాబు గారు అన్నారు. నన్ను కూడా పిలిచారు.

"నీకేమన్నా తెలుసా అమ్మాయ్?"

ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. మేడం కిటికీ వైపు చూస్తున్నారు.

"తెలీదు సార్" అన్నాను.

ఆమె చెప్పమన్నట్టే చెప్పాను. అయినా ఆ రోజు నుంచి ఆమె కప్పులో టీ పోసేటప్పుడు తల ఎత్తలేకపోతున్నాను.

ఆ విచారణ ఇప్పటికీ తేలలేదు. ఎప్పుడైనా పరిపాలనా భవనం నుంచి కవరు వస్తే మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, ఊపిరి తీసుకొని, మళ్ళీ పెట్టుకొని అప్పుడు చింపుతారు. ఇప్పటి దాకా అన్నీ వేరే కవర్లే. ఒకసారి అడిగాను, ఇంకా భయంగా ఉందా మేడం అని. "ముందు మిషనుకు భయపడేదాన్ని. ఇప్పుడు కాయితానికి" అన్నారు. మధ్యాహ్నం పూట రేవతక్క ఆమె పక్కన కుర్చీ వేసుకుంటోంది. ఇద్దరూ ఖాళీ కంప్యూటర్ ఒకటి ముందు పెట్టుకొని ఏదో పాడుచేస్తారు, బాగుచేస్తారు. ఎవరైనా వస్తే రేవతక్క చప్పున లేచి నిలబడుతుంది. మేడం ఆమె చెయ్యి పట్టుకొని కూర్చోబెడతారు.

బస్సులో ఆవిడకు నేనేమీ చెప్పలేదు. మా స్టాపు వస్తే దిగిపోయాను. చెప్పి ఉంటే ఈ ఒక్క లెక్క చెప్పేదాన్ని.

ఎలిశబెతు మేడం ఇంటి నుంచి తెచ్చిన కాపీ ఫిబ్రవరి పదకొండో తారీఖుది. ఇంకోసారి తీయడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. ఫిబ్రవరి తర్వాత నవంబరు దాకా లైబ్రరీకి వచ్చిన పదమూడు వందల పన్నెండు పుస్తకాలు అందులో లేవు. టీం రావడానికి ముందు ఎనిమిది రోజులు, కొత్త పుస్తకాలు రాసే పెద్ద రిజిస్టరు పక్కన పెట్టుకొని, వాటిని ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి ఎక్కించింది ఆమె ఒక్కరే.